పలకలు పరవని వంతెన

పనసగుడ,
12 నవంబరు 2024

తమ్ముడు ధనుంజయ్‌కి అక్క గంగ రాస్తున్నది.

మేం బాగానే ఉన్నాం. ఫోను చేస్తే ఒక్కసారీ తగలడం లేదని మరదలు హేమలత విసుక్కుందట, జీపు రవిబాబు చెప్పాడు. కొండ నెత్తికెక్కితే గాని ఇక్కడ సిగ్నల్ దొరకదని నీకు తెలియనిదా? ఎక్కి నిలబడి నాలుగు మాటలు మాట్లాడేలోపు అది కాస్తా పోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. రవిబాబు పాడేరులో పోస్టు చేస్తానన్నాడు. నువ్వూ ఉత్తరమే రాయి. రాత మర్చిపోయానని సాకులు చెప్పకు, ఆశ్రమ పాఠశాలలో నీ దస్తూరీయే గోడకు అంటించేవారు.

అసలు కబురు చెబుతాను. వానల్లో పొంగే మన గెడ్డ మీద కాలివంతెన వేస్తున్నారు! రెండు గట్ల మీదా సిమెంటు దిమ్మెలు లేచాయి. వాటి మీద దూలాల్లాంటి పొడవాటి ఇనుప ఛానెళ్ళు పెట్టి, పైన ఇనుప పలకలు పరుస్తారట. మోటారు సైకిలు కూడా వెళ్తుందంటున్నారు. పోయిన వానల్లో నా అంగన్‌వాడీకి వచ్చిన గుడ్లు అవతలి గట్టునే ఉండిపోయి కుళ్ళిపోయాయి. ఇవతల పిల్లలు ఖాళీ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. ఆ బాధ ఇక ఉండదు.

మీ బావ మాత్రం నమ్మడం లేదు. "ఓట్లొచ్చినప్పుడల్లా దిమ్మెలు లేత్తాయి గంగా. ఇనుమొచ్చినాక సెప్పు, అప్పుడు సంబరపడతాను" అంటున్నాడు. ఆయన సంగతి తెలిసిందే కదా, పెళ్ళినాడు కూడా తాళి కట్టేదాకా నమ్మలేదు.

ఒక మాట అడగనా? ఆ ఇనుము మీ మిల్లు నుంచే వస్తుందా? ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. కాంట్రాక్టరు దగ్గర పని చూసే వరహాలరావును అడిగితే, "ఎక్కడ సవగ్గా దొరికితే అక్కడే కొంతాం" అన్నాడు.

కాఫీకి ఈ ఏడు మంచి ధర ఉంది. పళ్ళు ఎర్రబడుతున్నాయి. హేమలతను అడిగానని చెప్పు.

అక్క
గంగ


విజయనగరం,
2 డిసెంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం చదువుతుంటే హేమలత పక్కన కూర్చుని "మీ అక్క గొంతు వినిపిస్తోంది" అంది. పెళ్ళినాటి బావ సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక్కడ నవ్వే రోజులు తక్కువగా ఉన్నాయి. మిల్లు ఇప్పుడు ఒక్క షిఫ్టే నడుస్తోంది. ఫర్నేసు పొద్దున వెలిగిస్తే సాయంత్రానికి ఆర్పేస్తున్నారు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను పట్టకారుతో పట్టి రోలర్ల మధ్యకు తోసే పని నాది కదా. ఇదివరకు నుదుటి చెమట తుడుచుకునే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని దిమ్మె కోసం ఎదురు చూస్తున్నాం.

కారణం సముద్రం అవతల ఉంది. విదేశాల్లో మిగిలిపోయిన స్టీలు రేకు చుట్టలు చుట్టలుగా ఓడల్లో వచ్చి పడుతోంది. మనం ఇక్కడ తయారు చేయడానికి అయ్యే ఖర్చు కంటే వాళ్ళు అమ్మే ధరే తక్కువ. ఆ చుట్టల్ని విప్పి, వంచి గొట్టాలు చేస్తున్నారు. షెడ్డు కట్టుకునేవాడు మా యాంగిళ్ళు మానేసి ఆ గొట్టాలు కొంటున్నాడు. మా పెద్ద మేస్త్రి గణపతిరావు గారు, "నలభై ఏళ్ళు ఇనుముతో బతికినాను. ఇనుము సవకైపోయి సచ్చిపోతామని ఎవుడనుకున్నాడు?" అంటారు. బయటి స్టీలు మీద సుంకం వెయ్యమని కలెక్టరాఫీసుకు ఊరేగింపుగా వెళ్దామనుకుంటున్నాం. ముందు వరసలో నేనూ ఉంటాను.

వంతెన సంగతి ఆఫీసులో కనుక్కున్నాను. మీ కాంట్రాక్టరు ఛానెళ్ళకు మా మిల్లులో ధర అడిగాడట. నేను మా యజమాని దేవీప్రసాద్ గారి దగ్గరకు స్వయంగా వెళ్ళి, "అది మా అక్క ఊరికండీ, కొంచెం చూసి ఇవ్వండి" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన గదిలోకి నేను అడుగు పెట్టడం అదే మొదలు. సరేనన్నారు. కాబట్టి బావతో చెప్పు, ఇనుము వస్తోంది. అందులో నా చేతి మీదుగా వెళ్ళిందే ఎక్కువ ఉంటుంది.

తమ్ముడు
ధనుంజయ్


పనసగుడ,
20 జనవరి 2025

ధనుంజయ్,

వచ్చింది! ట్రాక్టరు దారి తెగినచోట దించేస్తే, అక్కడి నుంచి గెడ్డ దాకా ఊరంతా భుజాల మీద మోశారు. మీ బావ ముందు పట్టుకుని, మిగతావాళ్ళను ఒకటే అదిలింపు: "జాగర్తరోయ్, మా బావమరిది సేసిన ఇనుము! గీత పడిందంటే ఊరుకోను." దిమ్మెల మీద ఛానెళ్ళు రెండు వరసలుగా పెట్టి బిగించారు. ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య బారెడు ఖాళీ. ఆ ఖాళీ మీదే పలకలు పరవాలి. పలకలు వేరే చోటు నుంచి రావాలని, ఎండాకాలం దాటకుండా వేసేస్తామని వరహాలరావు చెప్పాడు.

నువ్వు యజమాని గదిలోకి వెళ్ళిన ముక్క ఊళ్ళో రెండుసార్లు చదివించుకున్నారు. మీ బావ అయితే సంతలో కూడా చెప్పుకుని వచ్చాడు.

మీ మిల్లు సంగతి మాత్రం నాకు సరిగా అర్థం కాలేదు. చవగ్గా దొరికితే మంచిదే కదా అనుకున్నాను. తర్వాత మనసులో గుచ్చుకుంది. మా మిరియాలకు దళారి ధర తగ్గించినప్పుడు నేను ఎంత ఏడ్చానో గుర్తొచ్చింది. సుంకం పడాలని కోరుకుంటున్నాను.

అక్క


విజయనగరం,
27 ఏప్రిల్ 2025

అక్కా, బావా!

సుంకం పడింది!

పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది. బయటి నుంచి వచ్చే స్టీలు మీద ప్రభుత్వం సుంకం వేసింది. ఎండలో మేం రోడ్డు మీద కూర్చున్నది ఊరికే పోలేదు. ఎవరి జేబులో నుంచీ రూపాయి తీయని గణపతిరావు గారు జిలేబీలు తెప్పించి పంచారు. పంచుతూ ఏడ్చారు. దేవీప్రసాద్ గారు కిందకు వచ్చి అందరి చేతులూ పట్టుకున్నారు. ఆర్డర్లు వస్తాయి, రెండో షిఫ్టు మొదలుపెడదాం అన్నారు.

మనూళ్ళో ఇటుకల పండగకు రాలేకపోయాను. బావకు కోపం వచ్చి ఉంటుంది. పని ఊపందుకున్నాక సెలవు పెట్టి వస్తాను. వంతెన మీద నుంచి నడుచుకుంటూ వస్తాను, చూడండి.

ధనుంజయ్


పనసగుడ,
30 మే 2025

తమ్ముడికి,

నీ సంతోషం చూసి సంతోషించాను. నీ ఉత్తరం వచ్చిన వారానికే వరహాలరావు వచ్చాడు. పలకలు తెస్తాడని పిల్లలు ఎదురు పరుగెత్తారు. వట్టి చేతులతో వచ్చాడు. "సుంకమేసినారు కదమ్మా, పలకల రేటు పెరిగిపోనాది. పాత రేటుకి మావోళ్ళు సెయ్యలేరు. కొత్త రేటు శాంక్షనయితే వొత్తాం" అన్నాడు. సామాను కూడా జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు రాసిన సుంకమూ, అతను చెప్పిన సుంకమూ ఒకటేనా?

ఒకటే అయితే, మీ యజమానితో ఇంకోసారి మాట్లాడి ఆ పలకలేవో ఇప్పించగలవా? వానలు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడే కొందరు ఆ ఛానెళ్ళ మీద కోతుల్లా నడిచి అవతలికి వెళ్తున్నారు. మీ బావ వెళ్ళడు. "జానెడు లేదు, దాని మీదేటి నడక? నాకు నీళ్ళే నయం" అని గెడ్డలో దిగే దాటుతాడు.

సచివాలయానికి రెండుసార్లు వెళ్ళి చెప్పాను. పై నుంచి ఆర్డరు రావాలంటారు.

అక్క


విజయనగరం,
18 జూన్ 2025

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నన్ను నిందిస్తున్నట్టే ఉంది.

మా సుంకం వల్లే మీ వంతెన ఆగిందని ఆ వరహాలరావు చెబితే నువ్వు నమ్మేశావా? కాంట్రాక్టర్లకు ఎప్పుడూ ఒక సాకు కావాలి. ధర పెరిగితే కొంచెం పెరిగి ఉంటుంది. అందుకని మా పొయ్యిలు ఆర్పేసుకుని, ఓడల్లో వచ్చిన సరుకుతో నీకు వంతెన కట్టించమంటావా? మరోసారి యజమాని గదిలోకి వెళ్ళలేను. అయినా మేం పలకలు తయారు చెయ్యం. ఛానెళ్ళు, యాంగిళ్ళు, కడ్డీలు, అంతే.

రెండో షిఫ్టు ఇంకా మొదలు కాలేదు. ఆ సుంకం చుట్టలూ పలకల మీదేనట, అదీ కొన్ని నెలలకేనట. గొట్టాల ధర పెరిగితే మా సరుకు అడుగుతారని చూస్తున్నాం. ఇంట్లో హేమలత మిషను కుడుతోంది, ఆ చప్పుడులో నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్ని చికాకుల్లో నీ మాట ఇంకొంచెం గట్టిగా తగిలిందేమో.

బావకు భయమెందుకు? ఆ ఛానెళ్ళ మీద ఏనుగు నడిచినా వంగవు. నా చేతులతో లాగిన ఇనుము అది, నాకు తెలుసు. భయం లేకుండా నడవమను.

ధనుంజయ్


విజయనగరం,
10 ఆగస్టు 2025

అక్కా,

రెండు నెలలు కావొస్తోంది, నీ దగ్గర నుంచి ముక్క లేదు. కోపం వచ్చి ఉంటుంది. వస్తే తిట్టు. కాని ఇలా మౌనంగా ఉంటే ఎలా?

నాకు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? మిల్లు మూసేశారు. పోయిన నెల పొద్దున్నే వెళ్తే గేటుకు తాళం, పక్కన ఒక కాగితం. లోపల మా బెంచీ కనబడుతూనే ఉంది. దేవీప్రసాద్ గారు ఆ షెడ్డును గోడౌను చేసి, సుంకం పడని బయటి గొట్టాలు తెచ్చి అమ్ముతారట. ఆయన్ని తిట్టాలనుకుంటాను. మళ్ళీ, ఆయన మాత్రం ఎన్నాళ్ళు నష్టానికి నడుపుతాడు అనిపిస్తుంది. ఎవరిని తిట్టాలో కూడా తెలియని కష్టం ఇది. గణపతిరావు గారు ఇప్పటికీ రోజూ వెళ్ళి గేటు ముందు కాసేపు నిలబడి వస్తున్నారు.

జిలేబీలు పంచుకున్నాం, అక్కా. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

పైకి వచ్చి నాలుగు రోజులు ఉండాలనుంది. బావతో గెడ్డ గట్టున కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చేపలు పట్టాలనుంది. నువ్వు రమ్మంటే వస్తాను. నీ కోపం పోయిందో లేదో తెలియక ఆగాను.

నీ తమ్ముడు


పనసగుడ,
19 ఆగస్టు 2025

ధనుంజయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు కబురు విని కూడా రాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నీకు తెలియనే తెలియదు. బావతో చేపలు పడతానని రాశావు.

మీ బావ లేడు.

జూలైలో పోయాడు. ముసురు పట్టి వదలని వారం అది. అంగన్‌వాడీ సరుకు అవతలి గట్టుకు వచ్చిందని కేక వినబడింది. గెడ్డ ఎర్రగా పొంగి ఉంది, దిగడానికి వీల్లేదు. పిల్లలకు గుడ్డు పెట్టి చాలా రోజులైంది. "మళ్ళీ అవన్నీ కుళ్ళిపోతాయి కాబోలు" అని గొణిగాను. తెమ్మని చెప్పలేదు. కాని ఆయన వినేలాగే గొణిగాను.

నీ జూన్ ఉత్తరం అంతకుముందే ఆయనకు చదివి వినిపించాను. నువ్వు నా మీద కోప్పడిన ముక్కలు వదిలేసి, మిగతాది చదివాను. ఏనుగు మాట ఆయనకు తెగ నచ్చింది. ఆ పొద్దున తలకు గుడ్డ చుట్టుకుంటూ, "ఏనుగు నడిసినా ఒంగదని మా బావమరిది రాసినాడు కదా. నానేటి, ఏనుగు కన్నా బరువా? బేగి ఒచ్చీత్తాను, పొయ్యి ఎలిగించు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు. నేను ఇవతల దిమ్మె దగ్గరే నిలబడ్డాను. అవతలికి చేరి నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. గుడ్ల అట్టలు గోనెలో కట్టి నెత్తిన పెట్టుకున్నాడు. ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి గాలిలో. సగం దాటాడు. "మూట పారేసి రా" అని అరిచాను. నీళ్ళ హోరులో వినబడిందో లేదో. వినబడినా పారేసే మనిషి కాదు.

నువ్వు రాసింది నిజమే, తమ్ముడూ. ఇనుము వంగలేదు. కాలు జారింది.

మర్నాడు కింద వెదురు పొదల దగ్గర దొరికాడు.

రవిబాబు ఆ రోజే పాడేరు వెళ్ళి నీకు ఫోను చేశాడు. నీ నంబరు పని చేయడం లేదని వచ్చింది. హేమలతదీ అంతే. నేను రాసి ఉంచుకున్న మిల్లు ఆఫీసు నంబరు ఇస్తే, ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదట. ఎవరి నోటైనా కబురు నీకు చేరే ఉంటుందని, దినానికైనా వస్తావని నేను దారి చూస్తూనే ఉన్నాను. అందరూ వెళ్ళిపోయాక, ఆ మాట రాసినందుకు మొహం చెల్లక రాలేదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, నేను చేయించిన ఫోను తాళం వేసిన గదిలో మోగిందని.

ఇంక రాయలేను.

గంగ


విజయనగరం,
6 సెప్టెంబరు 2025

అక్కా,

మిల్లు మూయడానికి ముందే జీతం ఆగింది, అప్పటి నుంచి ఫోన్లకు రీచార్జి చేయించలేదు. కొన్నాళ్ళకు వచ్చే ఫోన్లు కూడా ఆగిపోయాయి. అంతకంటే వేరే కారణం లేదు. అంత చిన్న కారణానికి బావను ఆఖరిసారి చూసుకోలేకపోయాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే బయలుదేరాను. పాడేరు దాకా వచ్చాను. స్టాండులో మనూరి వైపు జీపు సిద్ధంగా ఉంది. రవిబాబు నన్ను చూసి సీటు దులిపాడు. ఎక్కలేకపోయాను, అక్కా. ఆ జీపు ఎక్కితే గెడ్డ దగ్గర దిగాలి. ఆ ఛానెళ్ళు చూడాలి. వాటి కొలతలు, బరువు, ఏ చివర మా మిల్లు గుర్తు ఉంటుందో అన్నీ నాకు తెలుసు. వెనక్కి వచ్చేశాను. హేమలత ఏడుస్తూనే తిట్టింది, "మనిషివేనా నువ్వు?" అని.

రోజూ పొద్దున పనికోసం తిరుగుతున్నాను. ఇటుకలు మోసే పని రెండు రోజులు దొరికింది. ఎవరైనా ఏనుగు అన్నా, ఇనుము అన్నా అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతున్నాను. ఆ మాట నేనెందుకు రాశాను? కోపంలో రాశాను. మిల్లు మీద మిగిలిన గర్వం కొద్దీ రాశాను. ఇనుము గట్టిదని నాకు తెలుసు, వానలో అది ఎంత జారుతుందో కూడా నాకు తెలుసు. రెండోది రాయలేదు.

నన్ను తప్పు పట్టడం లేదని ఒక్క ముక్క రాయి. నిజం కాకపోయినా రాయి.

ధనుంజయ్


పనసగుడ,
24 నవంబరు 2025

ధనుంజయ్‌కి,

ఇన్ని రోజులు జవాబు రాయలేదు. రాయాలని కూర్చోకపోలేదు. నువ్వు అడిగిన ముక్క దగ్గరకు వచ్చేసరికి కాగితం మడిచి పెట్టేసేదాన్ని.

నువ్వు స్టాండు దాకా వచ్చి తిరిగిపోయిన సంగతి రవిబాబు నీ కంటే ముందే చెప్పాడు. ఆ రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత నేను కూడా ఆ దిమ్మె దగ్గరకు ఎన్నాళ్ళు వెళ్ళలేకపోయానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

వంతెన పూర్తయింది. కొత్త రేటు శాంక్షనయిందట. పోయిన నెల వరహాలరావు పలకలు తెచ్చి మూడు రోజుల్లో పరిచేశాడు. మూడు రోజుల పని, తమ్ముడూ. పని అయ్యాక మా గుమ్మం దగ్గరకు వచ్చాడు. "నాను నౌకరీ మనిసిని తల్లీ" అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళాడు. ఆఫీసర్లు వచ్చి రిబ్బను కత్తిరించారు. గుడ్లు ఇప్పుడు వేళకు వస్తున్నాయి. పిల్లలు వంతెన మీద గంతులేస్తూ దాటుతున్నారు. నేను గెడ్డలో దిగే దాటుతున్నాను. నీళ్ళు మోకాలి లోతే కదా.

నువ్వు అడిగిన ముక్క రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది. తప్పు నీదేనని కూడా రాయలేను, అదీ అబద్ధమే. పిల్లలకు గుడ్లు లేవని గొణిగింది నేను. పలకలు ఆపింది వాళ్ళు. ధర ఎక్కడో పెంచారు, ఎక్కడో దించారు. ఎవరి వాటా ఎంతో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. కొన్ని పొద్దులు నీ మీద కోపంతో లేస్తాను, కొన్ని పొద్దులు నా మీద. కొన్నిసార్లు ఆయన మీదే, ఆ మూట ఎందుకు పారేయలేదని.

కాఫీ పండింది. ఆయన ఉంటే ఈపాటికి సగం కోత అయిపోయేది. నేను పిల్లల దగ్గర నుంచి వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. ఎర్రటి పళ్ళు రాలి మట్టిలో కలుస్తున్నాయి. ఊళ్ళో అందరి తోటలూ ఒకేసారి పండాయి, కోతకు మనుషులు దొరకడం లేదు.

అక్కడ పని లేదన్నావు. ఇక్కడ ఉంది.

వస్తే నేనేం మాట్లాడతానో నాకే తెలియదు. మాట్లాడకపోవచ్చు కూడా. తోటలో ఆ చివర నువ్వు, ఈ చివర నేను కోసుకుంటూ పోదాం. హేమలతనూ తీసుకురా, మిషను అక్కడే వదిలేసి రమ్మను. గొంగళ్ళు తెచ్చుకోండి, పొద్దున పూట మంచు కురుస్తోంది.

ఈసారి జీపు ఎక్కు. పళ్ళు ఆగవు, బేగి రా.

అక్క